ఒళ్లు చల్లబడితే జ్వరం తగ్గినట్టేనా? మలేరియా అనుకున్న పిల్లల్లో డెంగీని పట్టుకోవడం

క్లుప్తంగా: వానాకాలంలో చలితో వచ్చే జ్వరాన్ని మలేరియాగా భావించి మాత్రలు మొదలుపెట్టే అలవాటు దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. డెంగీ జ్వరం చాలామంది పిల్లల్లో నాలుగో రోజు నుంచి ఆరో రోజు మధ్య దానంతటదే దిగుతుంది. మలేరియా మాత్రల మూడు రోజుల కోర్సు కూడా దాదాపు ఆ వేళకే పూర్తవుతుంది. మందు పనిచేసిందని ఇంట్లోవాళ్లు కుదుటపడే సమయం, డెంగీలో ప్రమాదం మొదలయ్యే సమయం ఒకటే అవుతాయి. మలేరియా అనుమానం ఉన్న పిల్లల్లో డెంగీని గుర్తించడం జ్వరం ఎన్నో రోజు, ఆ రోజుకు ఏ పరీక్ష పనికొస్తుంది, దాని ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న మూడు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

సలిజరం అన్న పాత పేరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మలేరియాకు వాడుకలో ఉన్న పేరు సలిజరం. వణుకుతో మొదలై, కాలి, చెమటపట్టి దిగే జ్వరమంటే అదేనని పెద్దవాళ్లు తేల్చేస్తారు. ఈ తేల్చేయడంలో అనుభవం ఉంది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897లో సికింద్రాబాద్‌లోనే. ఈ నేలకు ఆ జబ్బు కొత్తది కాదు. జ్వరమున్న ఇంటికి ఆరోగ్య కార్యకర్త వచ్చి, వేలిమీద పొడిచి స్లైడు తీసుకుని, ఫలితం రాకముందే క్లోరోక్విన్ చేతిలో పెట్టి వెళ్లిన రోజులు నిన్నమొన్నటివి. జ్వరాల్లో పెద్ద వాటా మలేరియాదే అయినప్పుడు, స్లైడు ఫలితానికి రోజులు పట్టేటప్పుడు ఆ పద్ధతి ప్రాణాలు కాపాడింది కూడా.

ఆ లెక్క ఇప్పుడు మారింది. దేశంలో నమోదైన మలేరియా కేసులు 2015లో సుమారు 11.7 లక్షలు, 2023 నాటికి 2.27 లక్షలకు దిగాయి. అదే కాలంలో డెంగీ కేసులు సుమారు లక్ష నుంచి 2.89 లక్షలకు పెరిగాయి. తెలంగాణలో 2019 ఒక్క ఏడాదిలోనే 13 వేలకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. నమోదైనవి మాత్రమే ఇవి. భారత వైద్య పరిశోధన మండలి 2017, 2018 సంవత్సరాల్లో 5 నుంచి 45 ఏళ్ల వాళ్ల రక్తం పరీక్షించి చూస్తే, దేశవ్యాప్తంగా 48.7 శాతం మందికి, దక్షిణాది రాష్ట్రాల్లో 76.9 శాతం మందికి అప్పటికే ఎప్పుడో ఒకసారి డెంగీ సోకి ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మామూలు జరమనో, సలిజరమనో పేరు పెట్టుకుని దాటేసి ఉంటారు.

పరీక్షలో తేలితేనే మలేరియా మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. కీటకాల ద్వారా సోకే జబ్బుల నియంత్రణకు దేశంలో నడిచే జాతీయ కార్యక్రమం కూడా ఆ దారికే వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల సంచుల్లో రక్తపు చుక్కతో అక్కడికక్కడే ఫలితం చూపే మలేరియా కార్డులు ఉంటున్నాయి. అయితే జ్వరం వచ్చిన పిల్లవాడిని మొదట తీసుకెళ్లేది చాలా ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గరికే. అక్కడ సూది, మలేరియా మాత్రలు, యాంటీబయాటిక్ కలిపి ఇచ్చే పాత పద్ధతి చాలాచోట్ల నడుస్తూనే ఉంది. చిక్కుముడి పడేది అక్కడే.

పిల్లల్లో తికమక ఎందుకు ఎక్కువ

పెద్దవాళ్లలో రెండు జబ్బులకూ కొంత తేడా కనిపిస్తుంది. మలేరియా పరాన్నజీవి ఎర్ర రక్తకణాల్లో పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికొచ్చినప్పుడల్లా చలి, జ్వరం వస్తాయి. అందుకే వైవాక్స్ రకంలో రోజు విడిచి రోజు జ్వరం కాయడం కనిపిస్తుంది. డెంగీలో జ్వరం ఒక్కసారిగా ఎక్కి, రెండు మూడు రోజులు విడవకుండా ఉంటుంది. కంటి గుంతల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచినట్టు నొప్పులు, మొహం ఎర్రబడటం తోడవుతాయి.

నాలుగేళ్ల పిల్ల కంటి వెనక నొప్పి అని చెప్పలేదు. చిన్నపిల్లల్లో మలేరియా కూడా చలి, జ్వరం, చెమట అన్న వరుస పాటించదు; ఫాల్సిపారం రకమైతే మరీ. వాంతులు, తిండి మానేయడం, మగతగా పడి ఉండటం రెండింటిలోనూ ఉంటాయి. డెంగీ జ్వరం ఎక్కేటప్పుడూ వణుకు రావచ్చు. ఆ వణుకు చూసే ఇంట్లోవాళ్లు సలిజరం అనేస్తారు. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకోవడం పట్నాల్లో పాతుకుపోయిన ఇంకో నమ్మకం. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. ఇవి చాలవన్నట్టు వానల తర్వాతి నెలల్లో టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఇదే గుంపులో తిరుగుతుంటాయి. కంటికి సరిగా ఆననంత చిన్న పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌లో చంకలోనో, గజ్జల్లోనో నల్లటి పొక్కు ఉందేమో వెతికితే దొరకవచ్చు. బట్టలు విప్పి చూడకపోతే అది ఎవరికీ కనపడదు.

చేత్తో తడిమి, కంటితో చూసి అంచనా వేయడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. ఎడమవైపు పక్కటెముకల కింద తిల్లి (ప్లీహం) పెరిగి, పిల్లవాడు పాలిపోయి ఉంటే మలేరియా వైపు మొగ్గు. కుడివైపు కాలేయం దగ్గర నొక్కితే నొప్పి, ఒంటిమీద ఎర్రటి దద్దు, తెల్లకణాలు తగ్గడం డెంగీ వైపు మొగ్గు. ఐదు నిమిషాల పాటు బీపీ పట్టీని బిగించి ఉంచి, చర్మం మీద అంగుళం చదరంలో పదికి మించి ఎర్రచుక్కలు లేస్తే డెంగీ అనుమానం బలపడుతుంది. ఏ ఒక్కటీ తీర్పు కాదు.

మూడు రోజుల కోర్సు, ఐదో రోజు చల్లదనం

దేవరకొండ వైపు ఒక తండాలో ఏడేళ్ల పిల్లకు సోమవారం సాయంత్రం జ్వరం మొదలైందనుకుందాం. మంగళవారం ఊళ్లోనే సూది వేయించి, మలేరియా మాత్రలు మొదలుపెట్టారు. మంగళ, బుధ, గురువారాల్లో మూడు రోజుల కోర్సు అయిపోయింది. శుక్రవారం పొద్దున పిల్ల ఒళ్లు చల్లబడ్డది. "జరం దిగింది, ఇంక ఏం గాదు" అని తల్లిదండ్రులు పత్తి చేనుకు పోయారు. ముసలమ్మ దగ్గర పిల్ల పడుకునే ఉంది. మధ్యాహ్నం కడుపునొప్పి అన్నది, రెండు మూడు సార్లు కక్కింది. మాత్రల వేడి అనుకున్నారు. క్లోరోక్విన్‌తో నిజంగానే వాంతులవుతాయి కాబట్టి ఆ ఊహా అసంబద్ధం కాదు. శనివారం పొద్దుటికి కాళ్లూ చేతులూ మంచులా ఉన్నాయి, రాత్రి నుంచి మూత్రం లేదు.

ఈ పిల్లకు ఉన్నది డెంగీ అయితే, శుక్రవారం నాటి చల్లదనంలో మాత్రల పాత్ర ఏమీ లేదు. డెంగీ వైరస్ రక్తంలో ఉండేది మొదటి నాలుగైదు రోజులే. వైరస్ తగ్గుతున్నప్పుడు జ్వరం దిగుతుంది. కానీ వైరస్ వదిలిన ప్రోటీన్లు, శరీరం దానిమీద చేసిన పోరాటం కలిసి సన్నని రక్తనాళాల గోడలను అప్పటికే వదులు చేసి ఉంటాయి. ఆ సందుల్లోంచి రక్తంలోని నీరు, అంటే ప్లాస్మా, కడుపులోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరుతుంది. ఈ ఊట 24 నుంచి 48 గంటలు నడుస్తుంది. చాలామంది పిల్లల్లో అది కొద్దిగానే ఉండి ఆగిపోతుంది. కొందరిలో నాళాల్లో మిగిలే రక్తం చిక్కబడి, ఒంటికి చాలనంతగా తగ్గిపోతుంది.

తెలుగులో "ఒళ్లు చల్లబడింది" అన్న మాట రెండు వేరు సంగతులకు చెల్లుతుంది. జ్వరం దిగి ఒళ్లంతా ఒకేలా మామూలు వెచ్చదనానికి రావడం ఒకటి. పొట్ట వెచ్చగా ఉండి, పాదాలు, వేళ్లు చల్లగా జిగటగా అవడం ఇంకొకటి, అది షాక్, అంటే ఒంటికి రక్తం సరిగా అందకపోవడం. ఫోన్‌లో "చల్లగా ఉన్నడు సార్" అన్న తండ్రి మాటను ఏఎన్‌ఎం ఏ అర్థంలో తీసుకుంటుందన్నది చిన్న విషయం కాదు. గోరు మీద నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. రాకపోతే పాదాల చల్లదనాన్ని జ్వరం దిగిన గుర్తుగా తీసుకోకూడదు.

బీపీ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. డెంగీ షాక్ మొదట్లో పై అంకె పడిపోదు, కింది అంకె పైకి వస్తుంది. 100/85 చూసి "బీపీ వంద ఉంది, బాగానే ఉన్నడు" అనుకుంటే తప్పు. రెండు అంకెల మధ్య తేడా 20 లేదా అంతకు తగ్గితే అది షాక్ కిందికే వస్తుంది.

ఏ రోజున ఏ పరీక్ష

మలేరియాకు పరీక్ష రోజుతో పెద్దగా పనిలేదు. పరాన్నజీవి రక్తంలో ఉంటే స్లైడులో కనపడాలి. మందపాటి చుక్కలో ఉందో లేదో చూస్తారు, పలుచటి పూతలో ఏ రకమో తేలుస్తారు. ఒక్క స్లైడు నెగెటివ్ వస్తే సరిపోదు. అనుమానం బలంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మళ్లీ చూడాలి. ముందే సగం కోర్సు మాత్రలు పడి ఉంటే పరాన్నజీవులు తగ్గిపోయి స్లైడు శుభ్రంగా కనపడవచ్చు. పరీక్షకు ముందే ఇచ్చిన మాత్ర ఈ రకంగా కూడా నష్టం చేస్తుంది: మలేరియా ఉన్నా తేలదు, లేకున్నా తేలదు.

డెంగీ పరీక్షలు మాత్రం క్యాలెండర్‌కు కట్టుబడి ఉంటాయి. వైరస్ విడిచే ఎన్‌ఎస్1 ప్రోటీన్ మొదటి రోజు నుంచి ఐదో రోజు దాకా బాగా దొరుకుతుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు దాదాపు ఐదో రోజు నుంచి పైకి వస్తాయి. రెండో రోజున ఐజీఎం మాత్రమే చేయించి నెగెటివ్ అంటే అందులో అర్థం లేదు. ఎనిమిదో రోజున ఎన్‌ఎస్1 నెగెటివ్ అన్నా అంతే. పైగా ఇదివరకే ఒకసారి డెంగీ వచ్చి, ఇప్పుడు వేరే రకం సోకిన పిల్లల్లో పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్1ను కప్పేయడంతో పరీక్ష తేలకపోయే అవకాశం ఎక్కువ. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకినప్పుడే జబ్బు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుంది. దక్షిణాదిలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పాత డెంగీ ఆనవాళ్లు దొరికిన సర్వేను ఈ కోణంలో మళ్లీ చూడాలి: ముప్పు ఎక్కువున్న పిల్లలలోనే పరీక్ష బలహీనపడుతుంది.

మందుల షాపు పక్కనున్న ల్యాబ్‌లో ఇరవై నిమిషాల్లో వచ్చే డెంగీ కార్డును జాతీయ కార్యక్రమం నిర్ధారణగా లెక్కించదు. పెద్ద ల్యాబ్‌లో చేసే ఎలీసా పద్ధతిలో తేలినదాన్నే లెక్కిస్తుంది. ఐజీఎం ఎలీసా కిట్లు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి ప్రభుత్వ నిఘా ఆసుపత్రులకు వస్తాయి. ఎలీసా ఒక్క శాంపిల్‌కు చేసేది కాదు. 96 గుంటల పళ్లెంలో ఒకేసారి చాలా శాంపిళ్లు పెట్టి చేస్తారు. శాంపిళ్లు పోగయ్యేదాకా ఆగితే ఫలితం ఒకటి రెండు రోజులు వెనకపడుతుంది. ఐదో రోజున ఉన్న పిల్లకు ఆ రెండు రోజులే ప్రమాదకాలం. కాబట్టి ఫలితం కోసం ఎదురుచూస్తూ చికిత్స ఆపడం కుదరదు. అనుమానం మీదే పిల్లను గమనిస్తూ ఉండాలి.

రక్తహీనత దాచేసే అంకె

ప్లాస్మా ఊరిపోతోందా అన్నది చెప్పే చవకైన కొలత హెమటోక్రిట్, అంటే రక్తంలో కణాల వాటా ఎంత శాతమన్నది. నీరు పోతే కణాల వాటా పెరుగుతుంది. మొదటి కొలత కంటే 20 శాతం పెరిగితే ఊట గట్టిగా ఉన్నట్టు.

ఇక్కడే స్థానికమైన సమస్య ఒకటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తహీనత ఉన్న పిల్లవాడి హెమటోక్రిట్ మామూలుగా 30 ఉంటుందనుకుంటే, డెంగీలో 36కు చేరితే 20 శాతం పెరిగినట్టే. రిపోర్టు మీద మాత్రం 36 అన్నది ఆరోగ్యవంతుడైన పిల్లవాడి అంకెలా కనిపిస్తుంది, అంకె తేడాగా ఉందని చూపే నక్షత్రం గుర్తు కూడా పక్కన పడదు. మొదటి రెండు రోజుల్లో ఒకసారి కొలిచి రాసి పెట్టుకుంటే తప్ప ఈ పెరుగుదల బయటపడదు. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్లు లెక్కించి పక్కనే ఉన్న హెమటోక్రిట్‌ను చూడకపోవడం జిల్లా కేంద్రాల్లో కూడా జరిగే పొరపాటే. రక్తస్రావం లేకుండా, అంకె పదివేల పైన ఉంటే, ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల ఒరిగే లాభం లేదు.

మలేరియాలో దీనికి వ్యతిరేకం. ఎర్రకణాలు పగిలిపోతాయి కాబట్టి హెమటోక్రిట్ దిగుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువ, హెమటోక్రిట్ ఎక్కుతోంది అంటే డెంగీ దారి. రెండూ దిగుతున్నాయంటే మలేరియా దారి, లేదా లోపలెక్కడో రక్తం పోతోంది. పీహెచ్‌సీ స్థాయిలో ఇంతకంటే ఉపయోగపడే పోలిక దొరకదు.

చికిత్స దారులు ఎక్కడ విడిపోతాయి

డెంగీకి వైరస్‌ను చంపే మందు లేదు. నీళ్లు, ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు. జ్వరానికి కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసెటమాల్. ఇరవై కిలోల పిల్లకు అంటే ఒక్క మోతాదు 200 నుంచి 300 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. జ్వరం గబగబా దింపుతాయని ఇచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని, కడుపులో పుండును పెంచుతాయి. పిరుదుకు వేసే సూది కూడా కండలోపల రక్తం కారి గడ్డగా పేరుకునే ముప్పు తెస్తుంది. సలిజరం అనుకున్నప్పుడు ఎవరూ సంకోచించకుండా ఇచ్చేవి ఇవే.

షాక్ వచ్చిన డెంగీ పిల్లకు సెలైన్ గంటల లెక్కన, బరువు లెక్కన త్వరగా ఎక్కించాలి. ఊట ఆగగానే తగ్గించాలి. తీవ్ర మలేరియాలో ఇదే పని చేటు తేవచ్చు. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో వచ్చిన మూడువేలకు పైగా పిల్లల మీద జరిగిన పరిశోధనలో సగానికి పైగా మలేరియా ఉన్నవాళ్లే. వేగంగా ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో మరణాలు పదిన్నర శాతం దాకా ఉంటే, అలా ఎక్కించని వాళ్లలో 7.3 శాతమే ఉన్నాయి. తీవ్ర మలేరియాకు కావలసింది నరానికిచ్చే ఆర్టిసునేట్, చక్కెర పడిపోకుండా చూడటం, అవసరమైతే రక్తం. జబ్బు పేరు తప్పితే చికిత్స ఆలస్యం కావడం ఒక్కటే కాదు, తప్పు చికిత్స వేగంగా అందుతుంది.

రెండూ ఉన్నప్పుడు

మలేరియా పాజిటివ్ వస్తే డెంగీ లేనట్టు కాదు. రెండూ ఒకే పిల్లలో ఉన్న కేసులు మన దేశంలో చాలాచోట్ల నమోదయ్యాయి. ఫాల్సిపారాన్ని పట్టే కార్డు వెతికేది పరాన్నజీవి విడిచిన ఒక ప్రోటీన్‌ను. మందు పూర్తయి పరాన్నజీవి చచ్చాక కూడా ఆ ప్రోటీన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది. పోయిన నెల మలేరియా తగ్గిన పిల్లకు ఈ నెల డెంగీ వస్తే, కార్డు మీద మలేరియా గీత మళ్లీ మెరవచ్చు. అప్పుడు స్లైడు చూడకుండా కార్డును నమ్మితే డెంగీ వెనకబడుతుంది.

దక్షిణ తెలంగాణలో ఈ ముప్పు ఎవరికి ఎక్కువన్నది ఊహించడం కష్టం కాదు. అమ్రాబాద్ నల్లమలలోని చెంచు పెంటల (గూడేల) పిల్లలు, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు, ముంబయి, పుణే పనులకు పోయి తిరిగొచ్చిన పాలమూరు కూలీల పిల్లలు. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని చంపడానికిచ్చే 14 రోజుల ప్రైమాక్విన్ కోర్సు మధ్యలో మానేస్తే మరీ. "ఈ మధ్య ఎక్కడికన్న పోయొచ్చిన్రా?" అన్న ప్రశ్నకు అందుకే అంత విలువ.

గోలెం నీళ్లు, కాలువ నీళ్లు

మలేరియా దోమ అనాఫిలిస్ రాత్రి కుడుతుంది, పల్లెల్లో కాలువ అంచులు, వాగు గుంటలు, వరిమళ్ల నీటిలో పెరుగుతుంది. డెంగీ దోమ ఈడిస్ పగలు కుడుతుంది, ఇంటి చుట్టూ కొన్ని వందల మీటర్లకు మించి తిరగదు, నిలవ చేసిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. సాగర్ ఆయకట్టు, జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారే ఊళ్లలో మొదటిదానికి చోటుంది. రెండోదానికి మెట్ట ఊళ్లలోనూ చోటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బాధతో మంచినీళ్లను బిందెల్లో, డ్రమ్ముల్లో దాచుకోవడం తరాల అలవాటు. నల్లా వచ్చాక కూడా రోజు విడిచి రోజు వచ్చే నీళ్లకు హౌజు, డ్రమ్ము, పశువుల గోలెం తప్పలేదు. గోలెం ఖాళీ చేసినా ఈడిస్ గుడ్లు గోడకు అంటుకుని తడి లేకుండానే నెలల తరబడి బతుకుతాయి; మళ్లీ నీళ్లు పోయగానే దోమ లార్వాలు బయటికొస్తాయి. శుక్రవారం డ్రై డే నాడు నీళ్లు పారబోయడం సగం పని, గోడను పీచుతో రుద్దడం మిగతా సగం. మధ్యాహ్నం అంగన్‌వాడీలో నిద్రపోయే పిల్లలకు రాత్రి దోమతెర ఈ దోమ నుంచి రక్షణ ఇవ్వదు.

జిల్లాలో పరీక్ష అందే తీరు

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2021లో ప్రభుత్వ పరీక్షా ల్యాబ్‌లైన టి-డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు జిల్లాలకు విస్తరించాయి. పీహెచ్‌సీలో తీసిన రక్తం జిల్లా కేంద్రానికి చేరే దారి ఇదివరకటికంటే దగ్గరైంది. లోపం ఇప్పుడు యంత్రాల్లో కంటే చీటీలో ఎక్కువ. జ్వరం మొదలైన తేదీ రాయని శాంపిల్‌కు ఎన్‌ఎస్1 చేయాలో ఐజీఎం చేయాలో ల్యాబ్‌లో తెలియదు. ముందు ఏ మాత్రలు పడ్డాయో రాయకపోతే నెగెటివ్ స్లైడు విలువెంతో డాక్టరు చెప్పలేడు.

మలేరియా అనుమానంతో పిల్లను పంపే చీటీ మీద ఐదు సంగతులు ఉండాలి: జ్వరం మొదలైన తేదీ, పూట; మలేరియా కార్డు, స్లైడు ఫలితం; అప్పటిదాకా పడ్డ మందులు, సూదులు; మొదటి హెమటోక్రిట్, దాని తేదీ; చివరిసారి మూత్రం పోసిన వేళ. ఈ చివరిది రాయడానికి యంత్రం, కిట్టు అక్కర్లేదు, తల్లిని అడిగితే చాలు. ఆరుగంటలు దాటిందని ఆమె చెబితే, లేదా ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్లలో రక్తం, మగత, చికాకు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఎలీసా ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఆ పిల్లను 108లో పడకలున్న ఆసుపత్రికి పంపాలి.